బేరం చేయండి, అబద్ధం వద్దు



కూరగాయలు మార్కెట్‌కు తోలే మా సంఘ సహోదరుడొకరు బొలెరో పికప్ కొనడానికి మూసారాంబాగ్‌కు నన్ను తోడు తీసుకెళ్లాడు. కిస్తీలు కట్టి, ముగ్గురు పిల్లలను చదివించాల్సింది ఆ బండి మీదే. "అయ్యగారూ, ఎల్బీనగర్‌లో ఇరవై వేలు తక్కువకే ఇస్తామన్నారని చెప్దామా?" అన్నాడు. అక్కడికి మేము వెళ్లనేలేదు.

సామెతలు 20:14 చదవండి. కొనేటప్పుడు సరుకుకు వంకలు పెట్టి, కొన్నాక గొప్పలు చెప్పుకొనేవాడు అందులో కనిపిస్తాడు. బేరం పాపం కాదు, అబద్ధం పాపం.

కాబట్టి లెక్క అడిగాం. ఆన్‌రోడ్ ధరలో బండికెంత, పన్నుకెంత, ఇన్సూరెన్స్‌కెంత, హ్యాండ్లింగ్ చార్జీలెంత, విడివిడిగా రాసిమ్మన్నాం. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు బండ్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది, అదీ సరిచూసుకున్నాం. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. బయట తక్కువకు దొరికింది. అడిగితే హ్యాండ్లింగ్ చార్జీలూ తీసేశారు. ఇరవై వేలు తగ్గలేదు గానీ, తగ్గినదంతా నిజం చెప్పే తగ్గించుకున్నాం.

ప్రియులారా, రేపు అదే బండిలో తెచ్చిన టమాటా తూచేటప్పుడు ఆ సహోదరునికి ఈ నిజమే కావాలి. కొనుటలోను అమ్ముటలోను యథార్థత దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.