వంపు దగ్గర విరిగే ఫైలు

స్టీలు దిమ్మెలో చెక్కిన సన్నని గాడి తిన్నగా దిగి, అడుగున 60 డిగ్రీలు ఒంగుతుంది. వంపు వ్యాసార్ధం 5 మిల్లీమీటర్లు. పంటి వేరులోని వంకర దారికి ఇది నకలు. పైన గాజు పలక బిగించారు. గుంటూరు దగ్గరి ఒక దంత వైద్య కళాశాలలో, రూట్ కెనాల్ విభాగం వెనక గదిలో ఉందిది.

పీజీ చదువుతున్న అమ్మాయి, వేరు కాలువను గీకి శుభ్రం చేసే ఎర్ర పట్టీ రోటరీ ఫైలును మోటారుకు తగిలించింది. కొన మందం పావు మిల్లీమీటరు. గాడిలోకి దించి, నిమిషానికి 300 చుట్లు తిరిగేలా పెట్టింది. ‘‘కళ్లార్పకుండా చూడండి సార్. ముందుగా ఏమీ తెలియనివ్వదు’’ అంది. ఫైలు హాయిగా తిరుగుతోంది. ఎక్కడా వణకలేదు. ఒకటిన్నర నిమిషం దాటగానే టిక్కుమంది. కొన గాడిలోనే ఉండిపోయింది.

తిరిగే ఫైలులో వంపు బయటి వైపున్న లోహం సాగుతుంది, లోపలి వైపున్నది నొక్కుకుంటుంది. అర చుట్టు తిరిగేసరికి ఆ పక్క ఈ పక్కకు వస్తుంది. సెకనుకు ఐదు చుట్లు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే, పైపొరలో పుట్టిన పగులు లోపలికి పాకి ఫైలును తెంపేస్తుంది. వంపు ఎంత బిగుతుగా ఉంటే అంత త్వరగా తెగుతుంది.

రెండో రకం తెగుడు వేరు. ఇరుకు కాలువలో కొన ఇరుక్కుని ఆగిపోతుంది, పైనుంచి మోటారు తిప్పుతూనే ఉంటుంది. ప్రొఫెసర్ మేడమ్ రెండు విరిగిన ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. ఇరుక్కుని విరిగినదానికి తెగిన చోటికి కాస్త పైన మెలికలు విచ్చుకుని, ఒకచోట తిరగబడి కూడా ఉన్నాయి. వంపులో అలసి విరిగినదాని మెలికలు చెక్కుచెదరలేదు, కొత్తదానిలాగే ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ అలసిన ముక్కే.

ఇవి రాకముందు వాడిన స్టీలు ఫైళ్లు మొండివి. వంకర కాలువను తిన్నగా గీకేసేవి. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో బయటపడ్డ నికెల్-టైటానియం మిశ్రమం ఈ చిక్కు తీర్చింది. పళ్లకు క్లిప్పులు వేసే ఆ లోహపు తీగతోనే వాలియా బృందం చేతి ఫైళ్లు తయారుచేసి 1988లో ఫలితాలు ప్రకటించింది. మోటారుతో తిరిగేవి ఆ తర్వాత వచ్చాయి.

లావు ఫైలు మెలి ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది గానీ, వంపులో త్వరగా అలసిపోతుంది. సన్నదాని సంగతి సరిగ్గా తలకిందులు. రెంటికీ ఒకేలా నిలిచే ఫైలు లేదు కాబట్టి భారమంతా చేతి మీదే పడుతుంది. 150 డిగ్రీలు ఒకవైపు, 30 డిగ్రీలు వెనక్కి ఊగే ఫైళ్లు వచ్చాక కొన ఇరుక్కునే ప్రమాదం తగ్గింది. ప్రమాదం అసలు లేకుండా మాత్రం పోలేదు.

ఊడిన దవడ పన్ను మీద పీజీ పని చూశాను. ముందు పంటి పైకప్పు తీసి, అంచులు సవరించింది. ఆ అంచు అడ్డంగా ఉంటే ఫైలు ఒక్క వేరులోనే రెండు చోట్ల ఒంగాల్సి వస్తుందట. తర్వాత పదో నంబరు ఫైలును చేత్తోనే చివరిదాకా పంపి, అడ్డు లేకుండా జారేదాకా వదల్లేదు. అప్పుడే మోటారు ముట్టుకుంది. కాలువ నిండా హైపోక్లోరైట్ ద్రావణం. రెండు మూడు సార్లు మెల్లగా దించడం, బయటికి తీయడం, గాజుగుడ్డతో తుడిచి మెలికలు చూడడం. ‘‘నొక్కకమ్మా, అది ఎంతవరకు పోతానంటే అంతవరకే పోనివ్వు’’ అని పక్కనుంచి మేడమ్.

ఇక్కడ ప్రతి ఫైలుకూ లెక్క రాస్తారు. బాగా వంకర పోయిన వేరులో వాడితే ఒక్కసారికే పారేస్తారు. చిన్న ఊళ్లలో మాత్రం ఇంకోసారి, ఇంకోసారి అని వాడే ఒత్తిడి డాక్టరు మీద ఉంటుంది. మనం ఫీజు దగ్గర బేరమాడేది ఆ ఫైలు ఆయుష్షు మీదేనని నాకు ఆ గదిలోనే అర్థమైంది. ఆటోక్లేవ్ క్రిములను చంపుతుంది గానీ పగుళ్లను పూడ్చదు. ఫైలు కొత్తదా, ఎన్నోసారి వాడుతున్నారు అని కుర్చీలో కూర్చున్న మనిషి అడగాలి, అడిగితే డాక్టరు విసుక్కోకూడదు.

మరి నోట్లోనే విరిగితే? ‘‘విరిగిందంటే పన్ను పోయినట్టు కాదు’’ అన్నారు మేడమ్. అప్పటికే కాలువ శుభ్రమై ఉంటే ముక్కను అక్కడే ఉంచి నింపేయవచ్చు. పక్కనుంచి దారి చేసుకోవచ్చు. మైక్రోస్కోపు కింద అల్ట్రాసోనిక్ కొనతో కదిలించి తీయవచ్చు, అయితే దాని కోసం వేరును ఎక్కువగా తొలిస్తే ఆ వేరు కాస్తా చీలిపోవచ్చు. ఏది చేసినా, ఎక్స్-రే చూపించి పేషెంటుకు ఆరోజే చెప్పాలి, కేస్ షీటులో రాయాలి. ఆ విభాగంలో చేరిన పీజీలకు మోటారు ఇవ్వకముందే ఈ మాట చెబుతారు.