గ్యారేజీ ఖాళీ అయ్యే రోజు

ఫార్ములా వన్ పోటీలను దశాబ్దాలపాటు ఒంటిచేత్తో నడిపిన బెర్నీ ఎకల్‌స్టన్ 2024 డిసెంబరులో తన 69 రేసు కార్లను అమ్మకానికి పెట్టారు. అప్పటికి ఆయన వయసు 94. అందులో అల్బర్టో అస్కారి కాలంనాటి ఫెరారీ ఉంది, నికీ లౌడా నడిపినది ఉంది, స్టిర్లింగ్ మాస్ పేరుతో ముడిపడిన వాన్‌వాల్ ఉంది. బ్రాభమ్ బీటీ46బీ కూడా ఉంది. వెనక పెద్ద ఫ్యాను బిగించి, కారు కింది గాలిని లాగేసి, బండిని రోడ్డుకు అతుక్కుపోయేలా చేసిన యంత్రం అది. 1978లో స్వీడన్‌లో ఒకే ఒక్క రేసులో దిగింది. లౌడా గెలిచారు. మిగతా జట్లు గోల చేయడంతో మళ్లీ ట్రాక్ ఎక్కలేదు. అప్పట్లో బ్రాభమ్ జట్టు యజమాని ఎకల్‌స్టనే.

డబ్బుకు లోటు లేని మనిషి ఇంతకాలం దాచుకున్నవాటిని ఎందుకు అమ్మినట్టు? తాను పోయాక ఆ భారమంతా భార్య నెత్తిన పడకూడదని, కార్లు ఎక్కడికి వెళ్తున్నాయో బతికుండగానే తెలియాలని ఆయనే చెప్పారు. 2025 మార్చిలో రెడ్ బుల్ వారసుడు మార్క్ మాటెషిట్జ్ మొత్తం కార్లను ఒక్కచేత్తో కొనేశారు. ఒక్క బండి కూడా విడిపోలేదు.

ఇలాంటి ముగింపు చాలా అరుదు. పెద్ద కార్ల సేకరణ అమ్ముడైందన్న వార్త రాగానే ఎన్ని కోట్లు పలికిందన్నదే పత్రికల్లో పతాకశీర్షిక అవుతుంది. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అమ్మింది ఎవరు? కొన్న మనిషేనా, కొడుకులా, బ్యాంకా, కోర్టా? మొత్తంగా అమ్మారా, విడగొట్టి అమ్మారా? అమ్మేనాటికి ఆ కార్ల ఒంట్లో ప్రాణం ఎంత మిగిలింది? ఒక మనిషి ముప్పై, నలభై ఏళ్లు వెతికి, ఎంచి, వరసగా నిలబెట్టిన కార్లలో ఆ మనిషి చూపు కూడా ఉంటుంది. ఏ కారు పక్కన ఏది ఎందుకు ఉందో ఆయనకే తెలుసు. వేలంపాటలో ప్రతి కారుకూ ధర కడతారు కానీ ఆ వరసకు ధర కట్టరు.

గోడకు తగిలించిన చిత్రపటంలా కారును వదిలేస్తే కుదరదు. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, లోపల సిలిండర్లు తుప్పుపడతాయి. పెట్రోలు ఆవిరై, జిగురులాంటి పదార్థం కార్బ్యురేటర్ సన్నని దారుల్లో పేరుకుంటుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి బీటలువారతాయి. నిలబడ్డచోటే టైర్లు అణిగిపోతాయి. ఏళ్లపాటు తిప్పకపోతే పిస్టన్ రింగులు పట్టేసి ఇంజను కదలనంటుంది. మామూలు కారుకే ఇంత ఉంటే, పన్నెండు సిలిండర్లు, ఆరు వెబర్ కార్బ్యురేటర్లు ఉన్న ఫెరారీ 250 జీటీఓ సంగతి చెప్పాలా? ఆ ఆరింటినీ ఒకే శ్రుతిలోకి తెచ్చే మెకానిక్కులు ఏ దేశంలోనైనా కొద్దిమందే. కాబట్టి వంద కార్లున్నాయంటే వాటి వెనక వర్క్‌షాపు ఉండాలి, జీతానికి మనుషులుండాలి, వాళ్లకు ఏ బండి తత్వమేమిటో తెలిసుండాలి. యజమాని వయసు మీదపడిందనో, వ్యాపారం దెబ్బతిందనో మొదట ఆగిపోయేది ఈ పనే. కార్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. బయటివాళ్లకు సేకరణ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం నెమ్మదిగా పాడవుతూ ఉంటుంది.

పశ్చిమ ఫ్రాన్స్‌లో రోజర్ బైయోఁ కథ అదే. ఆయనది రవాణా వ్యాపారం. యుద్ధానికి ముందు తయారైన గొప్ప కార్లన్నీ తుక్కు కింద పోతున్నాయని బాధపడి, మ్యూజియం పెడదామని 1950లలో కొనడం మొదలుపెట్టారు. 1970లలో వ్యాపారం చితికింది. దాదాపు యాభై కార్లు అప్పుల కింద అమ్ముడయ్యాయి. మిగిలినవి పొలంలో రేకుల షెడ్ల కింద ఉండిపోయాయి. మ్యూజియం కల అక్కడితో ఆగింది. ఆయన పోయాక అవి కొడుక్కి వచ్చాయి, తర్వాత మనవల చేతికి. 2014లో ఆర్ట్‌క్యూరియల్ వేలం సంస్థ నుంచి మాథ్యూ లమూర్, పియెర్ నొవికోఫ్ వెళ్లి చూసేసరికి షెడ్లలో తీగలు అల్లుకున్నాయి, కొన్ని కార్ల పైకప్పులు కూలి ఉన్నాయి. ఒక మూల పాత పత్రికల గుట్ట కింద ఎర్రగా కాక దుమ్ము రంగులో ఒక ఫెరారీ కనిపించింది. 1961 నాటి 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్. ఒకప్పుడు సినిమా నటుడు అలేన్ దెలోన్ నడిపిన బండి. పక్కనే మసరాటీ ఏ6జీ.

తర్వాత వాళ్లు చేసిన పని చెప్పుకోదగ్గది. ఆ కార్లను కడగలేదు. తుప్పు, దుమ్ము, సాలెగూళ్లతో సహా 2015 ఫిబ్రవరిలో పారిస్‌లోని రెట్రోమొబీల్ ప్రదర్శనకు తీసుకొచ్చి నిలబెట్టారు. 59 కార్లు కలిసి రమారమి 2.5 కోట్ల యూరోలు పలికాయి. అందులో 1.6 కోట్లకు పైగా ఒక్క ఫెరారీదే. అంచనా ధర కట్టిన వాళ్లే ఆశ్చర్యపోయారు. తలుపులు ఊడి, నేల కనిపిస్తున్న బండ్లకు కూడా అనుకున్నదానికి ఎన్నో రెట్లు పాటదారులు పాడారు.

ఈ ధరలు చూసి సంతోషించాలో లేదో అన్నది వేరే చర్చ. కారుకు తొలిరోజుల్లో వేసిన రంగు, తోలు సీట్లు, ఫ్యాక్టరీ బిగించిన ఇంజను ఉంటే దాని విలువ వేరని సంతలో అందరికీ తెలుసు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కంపెనీ పుస్తకాలతో సరిపోవాలి. పాత రసీదులు, యజమానుల పేర్లు, రేసు ఫోటోలు ఫైల్లో ఉండాలి. ఎవరూ ముట్టుకోని కారులో ఆ ఆధారాలు చెరిగిపోవు. అందుకే బైయోఁ షెడ్డుకు అంత గిరాకీ వచ్చింది. కానీ షెడ్డులో నలభై ఏళ్లు నాని, ఇక ఏ మెకానిక్కూ బతికించలేని స్థితికి వచ్చిన బండ్ల మాటేమిటి? వాటిని మ్యూజియంలో పెట్టాలని కొన్న మనిషి, వాటికి చేసిన మేలు చివరికి సగమే అయింది. అప్పుల కింద అమ్ముడైన యాభై కార్లను అప్పట్లో నష్టమనే అనుకుని ఉంటారు. అవి కనీసం మెకానిక్కుల చేతుల్లో పడ్డాయి.

కోర్టు అమ్మితే మరో తీరు. ఇటలీలో వెనెటో ప్రాంతంలో భద్రతా సేవల వ్యాపారి ఒకరు దివాలా తీస్తే ఆయన గోదాముల్లోని సొత్తంతా ప్రభుత్వం జప్తు చేసింది. 2016 నవంబరులో మిలాన్‌లో ఆర్ఎం సోథెబీస్ వాటిని వేలం వేసింది. 423 కార్లు, నూట యాభైకి పైగా మోటారు సైకిళ్లు, సైకిళ్లు, పడవలు. ఫెరారీలు, పోర్షేలు, లాన్షియాలు, జాగ్వార్లు గుట్టలుగా ఉన్నాయి. రిజర్వు ధర లేదు. అంటే ఎంత పలికితే అంతకే. మూడు రోజుల్లో ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోయాయి. మొత్తం 5.1 కోట్ల యూరోలు దాటింది. ఏ కారు ఎందుకు కొన్నారో చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఎన్నో బండ్లు ఏళ్ల తరబడి స్టార్టు కాలేదు. కొన్నవాళ్లు తెలియని దాన్ని కొన్నారు.

అమ్మేవాళ్లకు విడగొట్టి అమ్మడంలో ఒక లెక్క ఉంది. ఒకే మోడల్ కార్లు ఇరవై ఒకే రోజు పాటకు వస్తే చివరి కారుకు చెయ్యెత్తేవాళ్లుండరు. అందుకే వేలం సంస్థలు ఒక్కో ఊరికి, ఒక్కో నెలకు కొన్ని చొప్పున పంచి అమ్ముతాయి. కాలిఫోర్నియాలో ఆగస్టు మోంటెరే వారం, ఫ్లోరిడాలో వసంతంలో అమీలియా ఐలాండ్, పారిస్‌లో ఫిబ్రవరి రెట్రోమొబీల్, ఇవీ వాటి సంతలు. అమ్మేవాడి దగ్గర కమీషన్, కొనేవాడి దగ్గర ప్రీమియం, రెండు చేతులా సంస్థకు రాబడి. దీనికి భిన్నంగా మొత్తం ఒకరికే అమ్మాలంటే, అంత డబ్బుతో పాటు అంత స్థలమూ అంత ఇష్టమూ ఉన్న ఒకే ఒక్క మనిషి దొరకాలి.

పేరు చూసి కాక ప్రాణం పెట్టి కొన్న సేకరణ అనగానే ఫాబ్రిజియో వియోలాతి గుర్తొస్తారు. 1965లో ఆయన ఒక పాత ఫెరారీ 250 జీటీఓను దాదాపు నాలుగు వేల డాలర్లకు కొన్నారు. నలభైకి లోపే తయారైన ఆ మోడల్ అప్పటికి రేసుల్లో కాలం చెల్లినది. ఆ కారుకు అప్పటికే ఒక విషాదం ఉంది. 1948 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీయింగ్ స్వర్ణం గెలిచిన ఆన్రీ ఓరెయే 1962లో మోంత్లెరీ ట్రాక్ మీద ఆ కారులోనే ప్రాణాలు కోల్పోయారు. ఇంట్లోవాళ్లు వద్దంటారని వియోలాతి దాన్ని దాచిపెట్టి, రాత్రిపూట నడిపేవారట. తర్వాతి కాలంలో దానితోనే పాతకార్ల రేసుల్లో పాల్గొన్నారు, శాన్ మారినోలో తన సేకరణకు మరనెల్లో రొస్సో అని పేరుపెట్టి జనానికి చూపించారు. ఆయన 2010లో పోయారు. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలో బోన్‌హామ్స్ వేలంలో ఆ జీటీఓ 3.81 కోట్ల డాలర్లు పలికింది. అప్పటిదాకా వేలంలో ఏ కారుకూ రాని ధర అది. నాలుగేళ్లకే మరో జీటీఓ 4.84 కోట్లు పలికి దాన్ని దాటింది. నలభై ఐదేళ్లు ఒక మనిషి చేతిలో తిరిగిన బండికి అంత ధర రాగానే ఇక దానితో రేసులోకి దిగడానికి ఎవరైనా జంకుతారు. ఈ ధరల వల్ల జరిగే నష్టమల్లా ఇదే.

ఒక సేకరణ చెదిరిపోతుంటే ఊరు ఊరంతా అడ్డుపడిన సందర్భం అమెరికాలో ఉంది. బిల్ హారా 1937లో నెవాడా రాష్ట్రం రీనోలో బింగో ఆటశాలతో మొదలుపెట్టి పెద్ద కసినో యజమాని అయ్యారు. 1978లో ఆయన చనిపోయే నాటికి దాదాపు 1,400 కార్లున్నాయి. స్పార్క్స్ పట్టణంలో గోదాముల నిండా అవే. పక్కనే మరమ్మతు షాపులు, పాత కంపెనీల మాన్యువల్స్, ప్రకటనలతో గ్రంథాలయం. ఫెరారీ అంటే ఆయనకు ఎంత మోజంటే ఒక జీప్ వాగనీర్‌లో ఫెరారీ పన్నెండు సిలిండర్ల ఇంజను పెట్టించి దానికి జెరారీ అని పేరు పెట్టుకున్నారు.

ఒక్క పని చేయలేదు. ఆ కార్లను కంపెనీ ఆస్తి నుంచి వేరు చేయలేదు. 1980లో హాలిడే ఇన్స్ సంస్థ ఆయన కసినోలను కొన్నప్పుడు కార్లూ వాటితో పాటే వెళ్లాయి. హోటళ్లు నడిపేవాళ్లకు వెయ్యికి పైగా పాత బండ్లు దేనికి? అమ్మేస్తామన్నారు. ఊళ్లో నిరసన లేచింది. చివరికి 175 కార్లనూ ఆ గ్రంథాలయాన్నీ ఒక ఫౌండేషన్‌కు ఇచ్చారు. మిగిలినవి 1984 నుంచి 1986 దాకా వేలంలో పోయాయి. ప్రపంచంలో ఆరే ఉన్న బుగాటీ రాయల్‌లలో ఒకదాన్ని 1986లో 65 లక్షల డాలర్లకు కొన్నవాళ్లు కొద్దికాలానికే డొమినోస్ పిజ్జా యజమాని టామ్ మోనహన్‌కు 81 లక్షలకు అమ్మారు. 1989లో రీనోలో నేషనల్ ఆటోమొబైల్ మ్యూజియం తెరుచుకుంది. ఫౌండేషన్‌కు ఇచ్చిన కార్లే దానికి పునాది. గ్రంథాలయాన్ని దక్కించుకోవడం కార్లను దక్కించుకోవడమంత గొప్ప పని. ఒక తరం మెకానిక్కులు పోయాక మాన్యువల్ లేని కారును బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

మొత్తంగా ఒకరికే అమ్మాలన్న పట్టుదలకు ఇంగ్లండ్‌లో జేమ్స్ హల్ ఉదాహరణ. దంతవైద్యుడిగా మొదలై దంతవైద్యశాలల వ్యాపారంలో సంపాదించిన ఆయన దగ్గర 543 బ్రిటిష్ కార్లు పోగయ్యాయి. అందులో 130కి పైగా జాగ్వార్లు. సీ టైప్, డీ టైప్, ఎక్స్‌కేఎస్ఎస్ లాంటి రేసు వంశంవాళ్లూ ఉన్నారు, విన్‌స్టన్ చర్చిల్‌కు చెందిన ఆస్టిన్, ఎల్టన్ జాన్ బెంట్లీ కూడా ఉన్నాయి. అడిగిన ధర దాదాపు 10 కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. విడగొడితే ఇంకా ఎక్కువ వచ్చేదేమో, ఆయన ఒప్పుకోలేదు. 2014లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంస్థ మొత్తాన్నీ కొనేసింది. ఎంతకన్నది ప్రకటించలేదు. 2008లో ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు టాటా మోటార్స్ కొన్న కంపెనీయే అది. అలా ఒక ఆంగ్లేయుడు కూడబెట్టిన బ్రిటిష్ కార్ల చరిత్ర ముంబయి యజమానుల చేతికి చేరింది.

నాలుగేళ్లకే, 2018లో, అందులోని వందకు పైగా కార్లను ఆ కంపెనీ బ్రైట్‌వెల్స్ ద్వారా వేలంలో అమ్మింది. హల్ మాట నిలవలేదని అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు. ఆ బాధ అర్థమయ్యేదే. కానీ ఒకే మోడల్ జాగ్వార్లు పదీ పదిహేనూ కార్ల తయారీ కంపెనీకి ఎందుకు? మరమ్మతు కావలసిన మార్క్ 2నో, ఎక్స్‌జేఎస్‌నో ఆ వేలంలో కొన్న మనిషికి అదొక్కటే ఉంటుంది. బ్రేక్ సిలిండర్లు మార్పించాలా, కార్బ్యురేటర్ విప్పాలా అని ఆలోచించడానికి ఆ మనిషికి సెలవురోజులున్నాయి. 543లో ఒకటిగా నిలబడి ఉన్నప్పుడు ఆ కారుకు దొరకనిది ఆ తీరికే.