సకినాలు చుట్టే వాకిళ్లు

సంక్రాంతి వారం ఉందనగా సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ బస్సెక్కి చూడండి. సీటు మాట దేవుడెరుగు, నిలబడే చోటు దొరికినా అదృష్టమే. సిద్దిపేట మీదుగా దాదాపు 160 కిలోమీటర్ల ప్రయాణం. పండగయ్యాక ఇదే దారిలో తిరిగొచ్చేవాళ్ల చేతుల్లో తప్పకుండా ఓ స్టీలు డబ్బా ఉంటుంది. అందులో ఏముందని తెలంగాణవాళ్లెవరూ అడగరు. సకినాలే!

కోస్తాలో సంక్రాంతికి అరిసెలెంతో కరీంనగర్, వరంగల్ వైపు సకినాలంత. ఇక్కడా అరిసెలుంటాయి, గరిజెలుంటాయి, నువ్వుల ముద్దలూ ఉంటాయి. కానీ చుట్టం వచ్చి కూర్చోగానే చాయ్‌తోపాటు పళ్లెంలో ముందుగా కనిపించేది సకినమే. అది లేని ఇంట్లో పండగ చేసుకున్నట్టు కాదు.

పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. బియ్యం కడిగి నానబోస్తారు. పొద్దున్నే నీళ్లు వంపి, బట్ట మీద కాసేపు ఆరనిచ్చి, ఇంకా తడి ఉండగానే గిర్నికి పంపుతారు. ఆ వారమంతా గిర్ని ముందు గిన్నెల వరుసే. ఈ తడిపిండే సకినానికి ప్రాణం. దుకాణంలో దొరికే పొడిపిండితో చుట్టబోతే వేళ్ల మధ్యే తెగిపోతుంది. జల్లించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలుపుతారు. నాలుగు గ్లాసుల బియ్యానికి గ్లాసు నువ్వులు పడాల్సిందే. పిసినారితనం చూపితే సకినం కొరకగానే తెలిసిపోతుంది. కారం వేయరు, వెన్న వేయరు. నీళ్లే కొంచెం కొంచెంగా చిలకరిస్తూ మెత్తగా తడుపుతారు.

ఇక అసలు విద్య చుట్టడంలో ఉంది. మురుకులకైతే గొట్టం ఉంది, బిళ్ల మారిస్తే ఆకారం మారుతుంది. సకినానికి ఏ పనిముట్టూ లేదు, చేతివేళ్లే! ఉతికిన ధోవతి నేల మీద పరిచి, పిడికెడు పిండి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెలితిప్పుతూ సన్నటి తాడులా వదులుతారు. మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ ఇంకోటి, ఆపైన ఇంకోటి. మూడు, నాలుగు చుట్లు. మెలిక ఎక్కడా విడిపోకూడదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఉండకూడదు. కొత్తగా నేర్చుకునే పిల్లకు మొదటి రోజు చేతికి వచ్చేవి వంకరటింకర వంకాయలే. ‘‘పర్వాలేదు బిడ్డా, నూనెల పడితె అన్నీ ఒక్కటే’’ అని పెద్దమ్మ నవ్వేస్తుంది. ఆమె మాత్రం మాటల్లో మాటగా, చూడకుండానే చుట్టేస్తుంటుంది.

ఇది ఒంటిచేతి పని కాదు. ‘‘వదినే, రేపు మా ఇంట్ల సకినాలు, పొద్దుగాల్నే రావాలె’’ అని ముందు రోజే పిలుపు వెళ్తుంది. ఇవాళ ఈ వాకిట్లో, రేపు ఆ వాకిట్లో. కూలీ లేదు, లెక్కా లేదు. చాలా ఇళ్లలో ముందు పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టాకే చుట్టడం మొదలెడతారు. బట్ట తడిని పీల్చుకుని సకినాలు కాస్త గట్టిపడ్డాక ఒక్కోటీ విరగకుండా తీసి నూనెలోకి జారుస్తారు. ఎర్రబడేదాకా ఉంచరు. తెల్లగా, కరకరలాడుతూ ఉండాలి. విరిగిన ముక్కలు పొయ్యి చుట్టూ తిరిగే పిల్లల వాటా.

ఆ ఏడాది ఎవరింట్లోనైనా మనిషి పోతే అక్కడ పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. అడగకుండానే ఇరుగుపొరుగు నుంచి సకినాలు ఆ ఇంటికి చేరతాయి. కూతురికి పెళ్లయితే మాత్రం పని పదింతలు. వియ్యాలవారి ఊళ్లో ఇంటింటికీ పంచేంత సారె పంపాలి. చుట్లు ఎన్ని, సన్నగా ఉన్నాయా అని అక్కడి ఆడవాళ్లు తిప్పి తిప్పి చూస్తారు మరి!

ఇప్పుడు వాకిళ్లలో పరిచిన ధోవతులు తగ్గాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటున్నారు. చుట్టగలిగిన పెద్దవాళ్లకేమో నేల మీద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు. దాంతో స్వగృహ దుకాణాల్లో కిలోల లెక్కన కొనడం అలవాటైంది. ఇందులో ఓ మంచీ లేకపోలేదు. ఒకప్పుడు ఊరికే చేసిన పనికి ఇప్పుడు ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులొస్తున్నాయి. వాళ్లు చుట్టినవే కొరియర్‌లో సముద్రాలు దాటుతున్నాయి. కాకపోతే డబ్బిచ్చి కొన్న ఇంట్లో పిల్లకు ఆ మెలిక నేర్పేదెవరు? అది పుస్తకం చూసి పట్టుబడేది కాదు. పక్కన కూర్చుని, పది చెడగొడితేనే పదకొండోది కుదురుతుంది.

చుట్టడం అయ్యేసరికి పొద్దు గూకుతుంది. అంతమందికి విడిగా వంట చేసే ఓపిక ఎవరికీ ఉండదు. మిగిలిన తడిపిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, కారం, కరివేపాకు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి పిసికి, గుండ్రటి అడుగున్న గిన్నెకు లోపల పల్చగా అద్దుతారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి నూనె చుక్కలు వదిలి, మూతపెట్టి సన్నటి సెగ మీద కాలుస్తారు. అదే సర్వపిండి, వరంగల్ వైపు గిన్నప్ప. అడుగున ఎర్రగా కాలి, పైన మెత్తగా ఉన్న ముక్కను వేడివేడిగా విరుచుకుని, చేతులకంటిన పిండి కడుక్కున్నవాళ్లు కడుక్కున్నట్టే వచ్చి కూర్చుంటారు. రేపు ఎవరింట్లోనన్నది అక్కడే ఖాయమవుతుంది.