పన్నెండు వోల్టులున్నా ఆడని వైపర్

కర్నూలు ఎండల్లో కారుకు వైపర్లు ఉన్నాయన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఏడాదిలో చాలా నెలలు అవి అద్దం మీద ఊరికే పడుకుని ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండకు గట్టిపడుతుంటుంది. శ్రీశైలం దారి వేరు. దోర్నాల దాటి నల్లమల ఎక్కామంటే ఆగస్టులో వాన ఎప్పుడు మీద పడుతుందో చెప్పలేం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారిలో చెక్‌పోస్టులు మూసేస్తారు, కాబట్టి వాన తగ్గాక పోదాంలే అని కూర్చునే వీలూ ఉండదు.

మా చిన్నాయన సున్నిపెంటలో ఉంటాడు. సొంత కారులో యాత్రికులను తిప్పుతాడు. డ్యాం గేట్లు ఎత్తారంటే ఆయనకు పండగే, చూడ్డానికి జనం విరగబడి వస్తారు. సరిగ్గా ఆ వారమే వైపర్ మొండికేసింది. స్పీడ్‌లో పెడితే బాగానే ఆడేది. స్లోలో పెడితే అద్దం మధ్యదాకా వచ్చి ఆగిపోయేది. మెకానిక్ చూసి "మోటార్ పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. ఆ ధరంటే చిన్నాయనకు రెండు ట్రిప్పుల కిరాయి.

నేను సెలవులకు అక్కడే ఉన్నా. ఫస్టియర్ ఎలక్ట్రికల్ ల్యాబ్ కోసం కొన్న మల్టీమీటర్ బ్యాగులోనే ఉంది. కోడ్‌లో బగ్ వస్తే మనమేం చేస్తాం? మధ్యలో ఒక ప్రింట్ పెట్టి, తప్పు దానికి పైన ఉందా కింద ఉందా చూస్తాం. ఇదీ అంతే.

మెకానిక్ మాట ఉత్తదేం కాదు. ఇలాంటి మోటార్లో స్లోకి ఒక కార్బన్ బ్రష్, స్పీడ్‌కి ఇంకోటి ఉంటాయి. స్లో బ్రష్ అరిగిపోయినా ఇలాగే అవుతుంది. తేల్చాల్సింది ఒకటే: బ్రష్షా, స్విచ్చా?

ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, స్విచ్చు స్లోలో పెట్టి, మోటార్ ప్లగ్ పీకా. స్లో వైర్‌కీ బాడీకీ మధ్య 12.3 వోల్టులు. "కరెంటు వస్తాంది కదరా, ఇంక మోటారే" అన్నాడు చిన్నాయన. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీటర్ అసలు కరెంటే తాగదు, సన్నటి దారి ఒక్కటి మిగిలున్నా దానికి 12 కనిపిస్తుంది. ప్లగ్ మళ్లీ పెట్టి, వెనక నుంచి గుండుసూది దూర్చి చూశా. 3.8! బ్రష్ తెగిపోయుంటే కరెంటే పారదు, 12 అలాగే నిలబడాలి. పడిపోయిందంటే దారిలో ఎవరో మింగుతున్నట్టే. స్టీరింగ్ కింది కవర్ విప్పి చూస్తే, స్విచ్చులోకి వెళ్లే వైర్‌లో 12.1, బయటికొచ్చే వైర్‌లో 3.9.

దీన్ని చిన్నాయనకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఇంగ్లీష్ మీడియం బుర్ర కదా, కాంటాక్ట్ రెసిస్టెన్స్, వోల్టేజ్ డ్రాప్ తప్ప నోటికి ఏమీ రావట్లేదు. చివరికి కుళాయి కట్టేసినప్పుడు పైపులో ప్రెషర్ అని ఏదో మొదలుపెట్టా. ఆయనే అందుకున్నాడు: "డ్యాంలో 885 అడుగులు నిండుగా ఉన్నా కాలువ పూడిపోతే చేనికి నీళ్లు రావు. అంతే కదా?" అంతే. ల్యాబ్‌లో నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

బ్యాటరీ తీగ ఊడదీసి, స్విచ్చు బయటికి తీసి, మీటర్ కంటిన్యుటీలో పెట్టా. (కరెంటు ఉండగా ఈ పని మాత్రం చేయకండి.) స్పీడ్‌లో వెంటనే బీప్. స్లోలో కాడను అటూఇటూ కదిపితేనే బీప్. విప్పితే లోపల కాంటాక్ట్ నల్లగా మాడిపోయి ఉంది, పక్కన ప్లాస్టిక్ కూడా కాస్త కరిగింది. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ పేటెంట్ తీసుకున్న వైపర్‌ని లోపల కూర్చుని చేత్తో తిప్పాలట. దాన్లో ఈ గొడవే లేదు!

గరుకు కాగితంతో రుద్దితే ఆడింది. చిన్నాయన అలాగే నడుపుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు, కరిగిన ప్లాస్టిక్‌ను నమ్ముకుని ఆరుగురిని ఎక్కించుకుని ఘాట్ దిగడమేంటి? కొత్త స్విచ్చు కర్నూలు నుంచి బస్సులో తెప్పించాం. మోటార్ ధరలో మూడో వంతు కూడా కాలేదు. మర్నాడు దోర్నాల దాకా వానే.

మీటర్ ఇప్పుడు ఆయన డ్యాష్‌బోర్డులో ఉంది. మొన్న ఫోన్ చేశాడు, పక్కింటాయన ట్రాక్టర్ హారన్ మోగట్లేదట. "ప్లగ్ పీక్కుండానే చూసినా రా, ఐదే వస్తాంది."