ఎవరూ లేని దీవికి కావలి

పోర్ట్ బ్లెయిర్ రేవు విడిచి (2024లో ఆ నగరానికి శ్రీ విజయపురమని పేరు మారింది) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు సాగితే, అండమాన్ సముద్రం నడుమ నల్లని కొండ ఒకటి కనిపిస్తుంది. మూడు కిలోమీటర్ల వెడల్పయిన ఆ దీవి మీద ఊరు లేదు, దీపం లేదు. అడవిపాలైన మేకలు మాత్రం మేస్తూ ఉంటాయి. దాని పేరు బ్యారన్ దీవి, అంటే బీడు దీవి. యాత్రికులు పడవలోనుంచే చూసి వెనుదిరగాలి. భారతదేశంలో నేటికీ నిప్పులు కక్కే అగ్నిపర్వతం ఇదొక్కటే.

1787లోనే నావికులు దీని మంటలను చూశారు. పంతొమ్మిదవ శతాబ్దంలో అది చల్లారింది. నూరేళ్ళకు పైగా నిద్రించి, 1991 మార్చిలో హఠాత్తుగా మేల్కొన్నది. కరిగిన రాయి వాలు వెంట పారి సముద్రాన్ని చేరింది. ఆ తరువాత 1994లో, 2005లో, 2017లో, 2025లో అది మళ్ళీ మళ్ళీ రగిలింది.

మనిషి నిలువలేని చోట కాపలా ఎవరిది? ఆ పనికి తగిన సాధనం ఒకటి తెలుగు నేలమీదనుంచే ఎగిరింది. 2025 జూలై 30న శ్రీహరికోటనుంచి బయలుదేరిన నైసార్ ఉపగ్రహం భారత, అమెరికా దేశాల ఉమ్మడి నిర్మాణం. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 రోజులకొకసారి అదే దారికి వస్తుంది. దాని రాడారు తరంగాలకు మబ్బు అడ్డు కాదు, చీకటి అడ్డు కాదు.

పాలు పొంగే ముందు మీగడ పైకి లేచినట్లు, లోపల శిలాద్రవం చేరుతున్న కొండ తరచు కొద్దిగా ఉబ్బుతుంది. నేల పైకి లేస్తే తరంగం పోయివచ్చే దూరం ఆ మేరకు తగ్గుతుంది. నాటి తరంగాన్నీ నేటి తరంగాన్నీ పక్కపక్కన పెడితే తాళం తప్పినట్లు తేడా బయటపడుతుంది. సెంటీమీటరు కదలిక కూడా ఇలా లెక్కకందుతుంది. ఇటలీలోని ఎట్నా పర్వతం కుంగడాన్ని శాస్త్రజ్ఞులు 1995లో ఈ పద్ధతిలోనే చూపారు.

అయితే బ్యారన్ అంత సులభంగా లొంగేది కాదు. కొత్త బూడిద కప్పిన చోట పాత తరంగానికి పోలిక దొరకదు. పైగా నీటిపైన కనిపించే కొండ ఎత్తు సుమారు 350 మీటర్లే. దాని పాదం సముద్రంలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఉన్నది. ఆ నీటి అడుగుకు రాడారు చూపు చేరదు.

అయినా ఆ కొస మీది కదలిక విలువైనదే. కాళ్ళ కింద నేల వేలెడు పొంగినా మేకలు ఎరుగవు. దాపున వల వేసే బెస్తవాడికీ, బూడిద మేఘాన్ని తప్పించుకోవలసిన విమాన చోదకుడికీ మాత్రం ఆ కబురు ముందే అందాలి.