డాక్టరు చీటీతో డల్లాస్ దాకా!

సినిమాల్లో హీరో అమెరికా వెళ్ళాలంటే ఎంతసేపు? ఒక విమానం ఎగురుతుంది, ఇంకో విమానం దిగుతుంది, మనవాడు చలవ కళ్ళద్దాలు సర్దుకుంటూ బయటికొస్తాడు. అంతే! మధ్యలో క్యూలూ కాగితాలూ ఏ డైరెక్టరూ చూపించడు. 1987లో వచ్చిన ‘పడమటి సంధ్యారాగం’ కోసం జంధ్యాల గారి బృందం అమెరికా వెళ్ళినప్పుడు వాళ్ళ కష్టాలు వాళ్ళకుండే ఉంటాయి గానీ, ముక్కులో పుల్ల పెట్టించుకునే కష్టం మాత్రం లేదు. 2022 మార్చిలో నాకది తప్పలేదు.

సంగతేమిటంటే, ఆ ఏడు మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ విడుదల. జనవరి 7న రావలసిన సినిమా ఒమిక్రాన్ దెబ్బకి వాయిదా పడి అప్పటికి తేలింది. అమెరికాలో ముందురోజు సాయంత్రమే ప్రీమియర్లు. డల్లాస్‌లో మనవాళ్ళ హడావిడి కళ్ళారా చూసి రాద్దామని 21వ తేదీకి టికెట్టు కొనుక్కున్నాను. 8వ తేదీన ఒళ్ళు వెచ్చబడింది, గొంతు గరగరలాడింది. టెస్టు చేయిస్తే పాజిటివ్!

విలన్ పోయినా పోస్టరు పోదు

2021 డిసెంబరు 6 నుంచి అమెరికా విమానం ఎక్కే ప్రతివాడూ, ప్రయాణానికి ఒక్కరోజు ముందు చేయించుకున్న నెగెటివ్ రిపోర్టు చూపించాలి. ‘పదమూడు రోజులు టైముందిగా, మళ్ళీ టెస్టు చేయించుకుంటే పోలా?’ అంటారు మీరు. అక్కడే ఉంది ట్విస్టు! ఆర్టీపీసీఆర్ మెషీను వైరస్ తాలూకు చిన్న తునకనైనా లక్షల రెట్లు పెంచి పట్టేస్తుంది. ఆ తునక బతికున్న వైరస్‌దో, చచ్చినదానిదో దానికి అనవసరం. జబ్బు తగ్గిన మనిషికి కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెల్ల దాకా పాజిటివ్ రావచ్చు. హాల్లోంచి సినిమా ఎత్తేశాక కూడా గోడమీద పోస్టరు మిగిలినట్టన్నమాట!

దీనికి తలకిందులుగా జరగడమూ ఉంది. 2020 నవంబరులో చిరంజీవి గారు తనకు పాజిటివ్ అని ప్రకటించి, నాలుగురోజులు తిరక్కుండానే మూడు టెస్టుల్లో నెగెటివ్ వచ్చిందనీ, మొదటిది కిట్టులో లోపమనీ చెప్పారు. కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి మనిషిని తేల్చేయలేం.

అమెరికా వాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే ఇంకో దారి పెట్టారు. తొంభై రోజుల్లోపు పాజిటివ్ వచ్చిన రిపోర్టు, ‘ఈయన కోలుకున్నాడు, ప్రయాణం చేయవచ్చు’ అని డాక్టరు సంతకంతో ఉత్తరం. ఈ రెండూ ఉంటే నెగెటివ్ రిపోర్టు అక్కర్లేదు! ఏ పాజిటివ్ చూసి గుండె జారిపోయిందో అదే ఇప్పుడు నా పాలిట గేట్‌పాస్.

మా డాక్టరుగారు మాత్రం అంత తేలిగ్గా కలం తియ్యలేదు. “రిపోర్టు చూసి కాదు, మిమ్మల్ని చూసి రాస్తాను. పదిరోజులు నిండనీండి. మాత్ర వేసుకోకుండా జ్వరం లేకుండా ఉండాలి. అప్పుడు రండి” అన్నారు.

ఈలోగా టికెట్టు కొన్నచోట ఏజెంటు చల్లగా ఓ మాటన్నాడు. “ఎందుకు సార్ ఈ తంటా? రెండువేలు పడెయ్యండి, నెగెటివ్ కాగితం సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది.”

నేను పనిచేసేది ఫ్రీలాన్సుగా. వెళ్ళకపోతే టికెట్టు డబ్బు నాదే, రాయని వ్యాసానికి పారితోషికం ఎవరూ ఇవ్వరు. కానీ నేను దిగబోయేది మిత్రుడి ఇంట్లో. అక్కడ వాళ్ళమ్మగారున్నారు. డెబ్భై దాటిన మనిషి, షుగరు, పైగా ఆయాసం. “నువ్వు రావద్దని కాదురా... అమ్మ ఉంది కదా” అని ఫోన్లో నసిగాడు వాడు. వెనకనించి ఆవిడ గొంతు: “రానీరా అబ్బాయిని! గోంగూర పచ్చడి తెమ్మను!” ఏజెంటు ఇచ్చే కాగితం కౌంటరులో అమ్మాయిని నమ్మిస్తుందేమో గానీ, ఆవిడ ఊపిరితిత్తులను నమ్మించలేదుగా! వద్దన్నాను.

ఇంటిపేరు గొడవ

పదిరోజులు దాటాయి. 19న డాక్టరుగారు తన లెటర్‌హెడ్ మీద పేరు, చిరునామా, ఫోను నంబరుతో సహా చీటీ రాసిచ్చారు. ఇక రిపోర్టు చూసుకుంటే అందులో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో సాంతం ఉంది. పుట్టిన తేదీ ఉండాల్సినచోట ఉత్త వయసుంది. అమెరికా వాళ్ళకి పేరుతోపాటు పుట్టినతేదీయో, పాస్‌పోర్టు నంబరో ఉంటే తప్ప మనిషెవరో తెలీదు. ల్యాబుకి పరిగెత్తి రెండూ వేయించుకొచ్చాను. కోవిషీల్డు రెండు డోసుల సర్టిఫికెట్టు సరేసరి. 2021 నవంబరు 8 నుంచి విదేశీయులకు అదీ తప్పనిసరి.

శంషాబాద్‌లో అసలు సీను. “నెగెటివ్ రిపోర్టు సార్?” అంది కౌంటరులో అమ్మాయి. “పాజిటివ్ ఉందండి” అన్నాను. అంతే, నా వెనక క్యూ మొత్తం రెండడుగులు వెనక్కి జరిగింది! ఆ అమ్మాయి ఇంకొకర్ని పిలిచింది, ఆయన ఎవరికో ఫోను చేశాడు, నలభై నిమిషాలు నా చీటీని తిరగేసి మరగేసి చూశారు. వెనకాయన ఉండబట్టలేక, “ఏవండీ, మీకు పాజిటివా?” అనడిగాడు. “ఉండేదండీ. ఇప్పుడు కాగితం మీదే ఉంది” అన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి బోర్డింగ్ పాసు చేతికొచ్చింది. గల్ఫ్‌లో ఓ మజిలీ, మొత్తం దారంతా మాస్కు.

డల్లాస్‌లో బెనిఫిట్ షో

డల్లాస్ ఎయిర్‌పోర్టు ఎంతుంటుందనుకున్నారు? న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవి కన్నా పెద్దది! బయట మార్చి ఎండ హాయిగా ఉంది. రోడ్ల పక్కన బ్లూబానెట్లు... టెక్సాస్ రాష్ట్ర పుష్పం... నీలంగా విచ్చుకుంటున్నాయి. మిత్రుడింటికి వెంటనే వెళ్ళలేదు. చిన్న మోటెల్లో రెండు రాత్రులు గడిపి, ఇంట్లో చేసుకునే యాంటిజెన్ టెస్టు రెండుసార్లు చేసుకున్నాను. రెండూ నెగెటివ్. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, నాకు నేను పెట్టుకున్నది. ఆ ఖాళీలో ఇర్వింగ్‌లోని గాంధీ విగ్రహం దగ్గర కూచున్నాను. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడి గుడి బయటనుంచే దణ్ణం పెట్టుకొచ్చాను.

24 మధ్యాహ్నం పచ్చడి సీసాతో ఇంటికెళ్తే ఆవిడ చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని రెడీగా ఉన్నారు. “రెండేళ్ళయింది నాయనా హాలు మొహం చూసి. పెద్దాయన మనవడి సినిమా... నేనూ వస్తున్నా!” అన్నారు. గుడివాడ దగ్గర పల్లె ఆవిడది. ఎన్టీఆర్ సినిమాలకు బండి కట్టించుకెళ్ళిన మనిషి!

అక్కడ గురువారం సాయంత్రం ఆరంటే ఇక్కడ శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నర. అంటే మీరు బెనిఫిట్ షోలో ఈలలు వేస్తున్నప్పుడే డల్లాసూ ఈలలు వేసింది! ‘నాటు నాటు’ రాగానే ఇంజనీర్లంతా కుర్రాళ్ళయిపోయారు. ఆ పాటలో కనిపించే భవనం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్. 2021 ఆగస్టులో తీశారు. రామ్‌చరణ్‌కు 2020 డిసెంబరులో, తారక్‌కు 2021 మే 10న పాజిటివ్ వచ్చింది. కోలుకునే ఇద్దరూ అక్కడికి వెళ్ళి ఆడారు. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చిన పాట అలా పుట్టింది. మేం తెరమీద ఆ ప్యాలెస్ చూస్తున్న రోజుకి కీవ్ మీద యుద్ధం మొదలై సరిగ్గా నెల. హాల్లో ఒకరిద్దరు ఆ మాటే అనుకున్నారు.

మూడుగంటలు దాటిన సినిమా. పక్కసీటులో పెద్దావిడ మాస్కు తియ్యకుండా, ఆయాసపడకుండా చూశారు. నేను ఉన్న పదహారు రోజుల్లో ఆవిడకు చిన్న దగ్గు కూడా రాలేదు. నా వ్యాసం కన్నా నాకదే పెద్ద హిట్టు.

అమెరికా ఆ టెస్టు రూలు 2022 జూన్ 12న ఎత్తేసింది. టీకా రూలు 2023 మేలో పోయింది. ఇప్పుడు కౌంటరులో చీటీ అడిగే నాథుడు లేడు. 2024 మార్చి నుంచి అక్కడి ఆరోగ్య శాఖ చెప్పేదేమిటంటే, మాత్ర లేకుండా జ్వరం పోయి ఒకరోజు గడిచి, ఒంట్లో తేలికపడేదాకా ఇల్లు కదలకండి, ఆ పైన అయిదురోజులు మాస్కూ గట్రా జాగ్రత్తలు పాటించండి అని. కనుక టికెట్టు కొనేటప్పుడే తేదీ మార్చుకుంటే ఎంతవుతుందో కనుక్కోండి. వెళ్ళేచోట ఏ పెద్దావిడో పచ్చడి కోసం ఎదురుచూస్తుంటుంది. ఆవిడకి పచ్చడి ఒక్కటే తీసికెళ్ళండి!