హోలీ పున్నమనాటి హున్సా

పూర్వము ఇందూరను పేరుగల నిజామాబాదు పట్టణమునుండి పడమరగా దాదాపు పాతిక కిలోమీటర్లు పోయినచో బోధను వచ్చును. భీమసేనుడు బకాసురుని చంపిన ఏకచక్రపురము ఇదియేయని ఇచ్చటివారి నమ్మకము. భారతము చదువుకొన్న మనకు ఆ కథయందు భీముని బాహుబలముకంటె, ఆశ్రయమిచ్చిన యింటి యిల్లాలి యేడ్పు విని కన్నకొడుకును రాక్షసుని యొద్దకు పంప సిద్ధపడిన కుంతి గుండెనిబ్బరమే యెక్కువగా మనసున నిలుచును. ఆ మాట ఇక్కడ చెప్పుటకు కారణము మీకు ముందు తెలియును.

బోధను పేరు చెప్పగనే పెద్దవారికి చక్కెర జ్ఞాపకమునకు వచ్చును. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీరును, 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమును కలిసి ఈ సీమను చెరకుసీమగా చేసినవి. శక్కర్‌నగరమను పేటయే వెలసినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. నేడు త్రోవ పొడుగున వరిచేలే యెక్కువగా కన్పట్టును.

బోధను దాటి మంజీరా దాపునకు పోయినచో హున్సా యను గ్రామము కలదు. హోలీనాడు ఇచ్చట జరుగు పిడిగుద్దులాట మిక్కిలి ప్రసిద్ధము. ముందునాటి రాత్రి కామదహనము. మరునాడు పగలు కుస్తీలు. ప్రొద్దు వాలిన పిదప డప్పులు మ్రోగుచుండగా, అడ్డముగా కట్టిన లావుపాటి తాటికి ఇరుప్రక్కల రెండు పక్షములవారు నిలిచి, ఒక చేత తాడు పట్టుకొని రెండవ చేత ఒకరినొకరు గ్రుద్దుకొందురు. అరగంట మాత్రమే. ఆట ముగిసినంతనే గ్రుద్దినవారును గ్రుద్దించుకొన్నవారును కౌగిలించుకొందురు. గాయములకు కామదహనపు బూడిద రాచుకొందురు. ఇది నూరేండ్లకు పైబడిన ఆచారమనియు, మానినచో ఊరికి కీడు కలుగుననియు గ్రామస్థులు చెప్పుదురు.

ఈ వింతను నేను జాబులో వ్రాయగా, టెక్సాసులో చదువుచున్న మా మరిది కుమారుడు తన సీమలోని మరియొక వింతను నాకు వ్రాసెను. అచ్చట టెక్సాసు విశ్వవిద్యాలయమునకును, టెక్సాసు ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమునకును 1894 నుండి ఫుట్‌బాలు వైరము కలదట. కృతజ్ఞతార్పణ పండుగనాడు ఆ యాట చూచుట అనేక కుటుంబములకు అలవాటుగా నుండెడిదట. అమెరికాలో కళాశాలలు కూటములుగా ఏర్పడి, ఏ జట్టు ఏ దినమున ఎవరితో ఆడవలెనో చాలమట్టుకు ఆ కూటములయందే నిర్ణయించుకొనును. 2012లో ఏ అండ్ ఎం వారు పాత కూటమిని విడిచి వేరొక కూటమిలో చేరగా, 2011 నవంబరు 24నాటి పండుగ యాటతో ఆ పోటీ ఆగిపోయెను. 2024లో టెక్సాసువారును ఆ కూటమిలోనికే వచ్చి చేరిన మీదట నవంబరు 30న మరల ఆడిరి. పండుగ గురువారము, ఆట శనివారము. పిండివంటలు చల్లారిన పిదప చుట్టములు వచ్చినట్లున్నదని నేను బదులు వ్రాసితిని.

హున్సాకు పై కూటములు మారలేదా? ఈ సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రము, పిదప ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము. 1956లోనే నాందేడు జిల్లాలో అధికభాగము బొంబాయి రాష్ట్రమునకు పోగా, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములు ఇటువైపు నిలిచినవి. 2016లో నిజామాబాదు జిల్లానుండి కామారెడ్డి వేరుపడెను. బోధను మండలములో నుండిన హున్సా 2022లో ఏర్పడిన సాలూర మండలమున చేరెను. ఇన్ని గీతలు గీయబడినను ఆట దినము కదలలేదు. ఏటి కావలి మరాఠీవారును మనవలెనే అమావాస్యతో మాసము ముగింతురు; ఫాల్గుణ పూర్ణిమ ఉభయులకు నొక్కటియే. ఈ ప్రాంతపు కుస్తీలకు మహారాష్ట్ర మల్లులు రాష్ట్రపు సరిహద్దు దాటి వచ్చుచునే యున్నారు. అదియునుగాక, గాయమునకు పూయవలసినది ముందునాటి రాత్రి కాలిన కామదహనపు బూడిద. ఆదివారమునకు వాయిదా వేసికొన్నచో ఆ బూడిద యెక్కడినుండి తెత్తురు?

పోలీసువారు అనుమతి నిరాకరించిన సంవత్సరములు కలవు. వారి భయము నిష్కారణమని నేననను. నా మట్టుకు నాకు కుస్తీయే మేలనిపించును. అందు పట్టునకు నియమము కలదు, గెలుపోటములు చెప్పుటకు పెద్దమనిషి కలడు. చీకటి పడువేళ గుంపులో పిడికిలికి కన్నేదో ముక్కేదో తెలియదు.

పండుగ కాని దినమున మేమా గ్రామమునకు పోయినప్పుడు, ఆ సాయంకాలము ఆడవారేమి చేయుదురని ఒక యిల్లాలిని అడిగితిని. “పొద్దుగూకేటాళ్లకు వేణ్ణీళ్లు కాగవెట్టుకుంటం అమ్మా. ఎవలు ఏ దెబ్బతోని ఇంటికొస్తరో తెల్వది” అని ఆమె చెప్పెను. చెప్పుచు నవ్వుచునే యుండెను. కుంతి నాకు అప్పుడే జ్ఞప్తికి వచ్చినది. ఆట నిలుపుటయో మానుటయో నిర్ణయించువారు ఈ వేణ్ణీళ్లు కాచువారిని గూడ ఒక మాట అడుగవలెనని నా యభిప్రాయము.

ఉపాధ్యాయుల యిండ్లలో మాత్రము ఈ తిథితో వేరొక చిక్కు కలదు. పదవ తరగతి పరీక్షలు మార్చి మాసమున వచ్చును. 2024లో అవి మార్చి 18న ఆరంభము కాగా, 25న హోలీ, 26న భౌతికశాస్త్ర పరీక్ష. చంద్రుడు పరీక్షాధికారుల పట్టిక చూడడు. వారును చంద్రుని కొరకు ఒక్క దినమే విడిచిరి. కుడిచేతి మణికట్టు బెణికిన బాలుడు గంటన్నరసేపు ఏమి వ్రాయగలడు? అందువలన మావారు హోలీకి వారము ముందుగనే పదవ తరగతి పిల్లలను కూర్చుండబెట్టి, తాటి దరికి పోవలదని చెప్పుచుందురు. పలువురు విందురు. ఒకడు మాత్రము, “సార్, కుడిచేత తాడు పట్టుకుంట, ఎడమచేతనే గుద్దుత” అనెనట.